జానెడు నూడుల్స్

మా నాన్న దర్జీ. ఆయన కుట్టిన చొక్కాలో వంక పెట్టడానికి ఏమీ దొరకదు. కొలతలు తీసుకుంటూ ఆయన చెప్పే కబుర్లలో మాత్రం సగం, నిండుగా కనపడ్డానికి లోపల వేసే అస్తరు గుడ్డే ఉంటుంది.

ఆ వారం మా కొట్టుకు హోటలు మేనేజరమ్మ వచ్చింది. వీధి చివర కొత్తగా జపాన్ హోటలు తెరుస్తున్నారు. అందులో వండేవాళ్లకూ వడ్డించేవాళ్లకూ కోట్లు కావాలట. ఒక అంచు మీద ఇంకో అంచు వచ్చి, పక్కన నాడాతో కట్టుకునే రకం. మాకు అటూ ఇటూ రెడీమేడ్ దుకాణాలు వెలిశాక పాంట్లు కురచ చేయడం, జిప్పులు మార్చడం తప్ప కొట్టులో వేరే పని లేదు. ఈ ఆర్డరు వస్తే కొట్టు నిలుస్తుంది. రాకపోతే ఆ చోటు ఫోన్ల తొడుగులు అమ్మేవాడికి ఇస్తానని ఇంటి యజమాని అప్పటికే చెప్పేశాడు.

"ఇలాంటి కోట్లు ఎప్పుడైనా కుట్టారా?" అని అడిగింది మేనేజరమ్మ.

"ఇలాంటివా? కుట్టి కుట్టి విసుగొచ్చి మానేశామమ్మా," అన్నాడు నాన్న.

అక్కడితో ఆగితే ఆయన మా నాన్న ఎందుకవుతాడు? ఆమె చేతిలోని మెనూ మీద నూడుల్స్ బొమ్మ ఆయన కంట్లో పడింది. "ఇవైతే మా ఇంట్లో వారం వారం చేసుకుంటాం. మావాడు డిగ్రీ చదివాడు. వాడి చేతి వంటే."

ఆమె కళ్లజోడు పైకి నెట్టుకుని నా వైపు చూసింది. నేను మిషను కింద దొర్లిన బొత్తాలు ఏరుతున్నాను.

"ఈ యాకిసోబా నూడుల్స్ ఇంట్లో చేస్తారా? అయితే ఆదివారం భోజనానికి వస్తా. తిన్నాక కోట్ల సంగతి మాట్లాడుకుందాం," అని వెళ్లిపోయింది.

వెనక కాజాలు కుట్టుకుంటున్న అత్త సూది పక్కన పెట్టింది. ఆమె నాన్నకు అక్క. అమ్మ పోయినప్పటి నుంచి మాతోనే ఉంటోంది. "ఒరేయ్, చొక్కాలన్నిటికీ కాజాలు కుట్టాను గానీ, నీ నోటికి ఒక బొత్తాం కుట్టడం మర్చిపోయాన్రా," అంది.

"నాన్నా, నాకు కోడిగుడ్డు అట్టు తప్ప ఏమీ రాదు," అన్నాను.

"అంత చదువు చదివావు, నూడుల్స్ రావా?"

మా వంశంలో మొదటి పట్టా నాది. ఇంట్లో ఎవరికీ తెలియనిదంతా నాకు తెలిసి ఉండాలని నాన్న నమ్మకం. కొళాయి కారినా నన్నే పిలుస్తారు, అత్తకు మోకాలు నొప్పి పెట్టినా నన్నే పిలుస్తారు. నేను చదివింది బీకాం. అయినా పెద్దవాళ్లు చెబితే చేయడమే నాకు అలవాటు కాబట్టి, మర్నాడు సాయంత్రం ఉద్యోగం నుంచి వస్తూ బజారంతా తిరిగి నూడుల్స్ పొట్లాలు, నల్లటి సాస్ సీసా కొనుక్కొచ్చాను. సీసా మీద మొత్తం జపాన్ అక్షరాలే.

"చదువు," అన్నాడు నాన్న.

"జపాన్ భాష నాన్నా. నాకు రాదు."

"అదీ రాదా? మరి కాలేజీలో ఏం చెప్పార్రా నీకు?"

"నల్ల గౌను తొడిగి పంపారుగా," అంది అత్త. పట్టా ఇచ్చిన రోజున నాన్న నా గౌను అంచు తిరగేసి చూసి, ఇంత పెద్ద కాలేజీలో ఒక్కడికీ మడిచి కుట్టడం రాదని అందరికీ వినపడేలా అన్నాడు. ఆ మాట గుర్తొచ్చి ఇద్దరూ కాసేపు నవ్వుకున్నారు. నేను ఫోన్లో వీడియో వెతుక్కున్నాను. అందులో మాటలు లేవు. ఎవరివో రెండు చేతులు క్యాబేజీ తరుగుతాయి, కోడి మాంసం వేయిస్తాయి, నూడుల్స్ వేస్తాయి, సాస్ పోస్తాయి. అదే పదే పదే చూసి బట్టీ పట్టాను. పరీక్షలు గట్టెక్కింది కూడా ఆ దారినే.

ఆదివారం పొద్దున అత్త కత్తిరింపు బల్లను భోజనాల బల్లగా మార్చింది. మా ఇంట్లో కొట్టుకూ వంటగదికీ మధ్య ఒక తెర, రెంటికీ కలిపి ఒకే బల్ల. భోజనానికి ముందు దాని మీద అయస్కాంతం తిప్పాలి. లేకపోతే ముద్దలో గుండుసూది వస్తుంది. నేను నూడుల్స్‌ను వేడినీళ్లలో ముంచి, చిల్లుల గిన్నెలో వార్చి బల్ల మీద పెట్టి, తెర ఇవతలికి వచ్చి క్యాబేజీ పని పట్టాను. క్యాబేజీ, క్యారెట్టు, ఉల్లిపాయ తరిగి, మాంసం సన్నగా కోసేసరికి బల్ల దగ్గర నుంచి చప్పుడు వినిపించింది. కర్ర్, కర్ర్ అని. ఆ చప్పుడు నేను ఊయలలో ఉన్నప్పటి నుంచీ ఎరుగుదును.

తెర తీసి చూస్తే, నాన్న బల్ల మీద శుభ్రమైన కాగితం పరిచి, నూడుల్స్‌ను చిక్కు విప్పి బారుగా పేర్చాడు. అంచులు సమంగా సర్ది, పక్కన టేపు పెట్టి, పెద్ద కత్తెరతో కత్తిరిస్తున్నాడు.

"నాన్నా! ఏంటిది?"

"చిక్కుపడిపోయాయిరా. దారం కండె చెదిరినట్టు ఉంటే చూడలేకపోయాను. పైగా మూరెడు పొడుగున్నాయి. నోట్లో ఎలా పడతాయి? జానెడు చాలు."

"పొడుగ్గానే ఉండాలి నాన్నా. అసలు సంగతే అది."

"ముందే చెప్పాలి మరి. కత్తెర పడ్డాక చెబితే ఎలా?" అని, నా మొహం చూసి, "కత్తెర వేడినీళ్లతో కడిగానురా," అన్నాడు.

"అల్లుడూ, కుట్టుకి గుడ్డ వదిలాడేమో అడుగు," అంది అత్త.

వేరే పొట్లం లేదు. పొయ్యి మంట పెద్దది చేసి, పెనంలో మాంసం, కూరగాయలు వేయించి, జానెడు నూడుల్స్ వేశాను. వీడియోలో అవి ఒయ్యారంగా తిరిగాయి. నా పెనంలో మిడతల్లా ఎగిరాయి. సాస్ పోయగానే పులుపూ తీపీ మాడూ కలిసిన పొగ గుప్పున లేచి, తెర దాటి కొట్టులోకి వెళ్లింది. కొక్కేలకు వేలాడుతున్న చొక్కాలన్నీ ఎత్తుకుని అత్త వీధిలోకి పరుగెత్తింది. "రేపు వీటిని వేసుకుని ఆఫీసుకెళ్తే పక్కవాడు కొరుకుతాడు!" అని అక్కడి నుంచే అరిచింది. చొక్కాల కుప్ప మోస్తూ గుమ్మంలో నిలబడ్డ అత్తను దాటుకుని మేనేజరమ్మ లోపలికి వచ్చింది.

పళ్లెంలో వడ్డించాను. వీడియోలో పైన చల్లిన ఆకుపచ్చ పొడి నాకు దొరకలేదు. "గుర్తులు పెట్టే సుద్ద ఆకుపచ్చది ఉంది, గీకనా?" అని అత్త నా చెవిలో అడిగింది. మేనేజరమ్మ సంచిలోంచి తను తినే పుల్లల జత తీసి నూడుల్స్ పైకెత్తింది. అవి జారి పడ్డాయి. మళ్లీ ఎత్తింది. మళ్లీ పడ్డాయి.

"ఇవి ముక్కలెందుకయ్యాయి?"

"మా పద్ధతమ్మా అది," అన్నాడు నాన్న.

"వారం వారం ఇలాగే తింటారా?"

"వారం వారం."

ఆమె పుల్లలు కింద పెట్టింది. "కోట్లు కూడా ఇలాగే వారం వారం కుట్టారన్నమాట," అంది.

నాన్న నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి ఏం వస్తుందో నాకు తెలుసు. వచ్చేది ఇంకో కోటు కబురు, దాని వెనక ఇంకో అస్తరు. పరాయి మనిషి ముందు నాన్న మాటకు ఎదురు చెప్పడం నేనెప్పుడూ ఎరగను. అయినా ఆయన కంటే ముందు నా గొంతే లేచింది.

"ఇవాళే మొదటిసారి చేశామండి. ఆ కోటు కూడా ఎప్పుడూ కుట్టలేదు. కానీ నాన్నకు కుట్టడం వచ్చు."

"హమ్మయ్య," అంది అత్త. "అయితే నేనిక చెంచా తెచ్చుకోవచ్చా?"

నాన్న నా వైపు చూడలేదు. పళ్లెం వైపే చూస్తూ, "కత్తిరించింది నేనమ్మా," అన్నాడు. "వాడు వద్దనే అన్నాడు. వాడి తప్పేం లేదు."

"దేంతో కత్తిరించారు?"

"కత్తెరతో. కడిగాను."

ఆమె మళ్లీ పుల్లలు తీసుకుంది. ఒక్కొక్క నూడుల్ ఏరి పళ్లెం అంచున పక్కపక్కన పేర్చింది. నాలుగయ్యాక ఇంకోటి వేసింది. కళ్లజోడు తీసి వంగి చూసింది. ఒక్కటి కూడా ముందుకు రాలేదు, వెనక్కి పోలేదు.

"అన్నీ ఇంతేనా?"

"అన్నీ. నోటిదేముందమ్మా, అది వాగుతుంది. కత్తెర వాగదు."

"రుచి ఘోరంగా ఉంది," అంది మేనేజరమ్మ. "ఉప్పెక్కువైంది, మాడింది కూడా. మా వంటాయన చూస్తే ఏడుస్తాడు." అని, అత్త తెచ్చుకున్న చెంచా అందుకుని ఇంకో రెండు ముద్దలు తిన్నది. "ఆర్డరు ఇవ్వను. ఇప్పుడే ఇవ్వను. ఒక్క కోటు కుట్టండి, నాకు. అది చూశాక మిగతావి. ఎప్పటికిస్తారు?"

"రేపటికే!" అన్నాడు నాన్న.

ఆమె నా వైపు తిరిగింది.

"శుక్రవారానికండి," అన్నాను.

"శుక్రవారం వస్తాను."

నాన్న నన్నొక చూపు చూశాడు. సాయంత్రం దానికి మాటలు కూడా తోడవుతాయని అర్థమైంది. కానీ టేపు తీసి మెడలో వేసుకున్నాక ఆయన మొహమే మారిపోయింది. "లేచి నిలబడమ్మా," అన్నాడు. పెన్సిలు చేతిలో పట్టుకుని నేను పక్కన నిలబడ్డాను. భుజం కొలిచి అంకె చెప్పాడు. నేను రాయబోతుంటే "ఆగు," అని, టేపు తీసి మళ్లీ పెట్టాడు. రెండోసారీ అదే వచ్చింది. ఈసారి కబురేదీ చేర్చకుండా, గొంతు తగ్గించి, మేనేజరమ్మకు కూడా వినపడనంత మెల్లగా నాకు అంకె చెప్పాడు.