రెండు వాడల పడుగు

వీధి పొడుగునా చాపిన పడుగు నట్టనడుమ కొడవలితో కోసి ఉండటం చూసి ఆండాళు కెవ్వున అరిచింది.

తెల్లవారగానే రెండు కొసలా గుంజలు పాతి, నూలుపోగులు బిగించి, గంజి పట్టించి, కుంచెతో దువ్విన నిలువుపోగుల పడుగు అది. ఎండకు ఆరనిచ్చి, అన్నం తిని వచ్చేలోపల ఎవరో పని ముగించారు. తెగిన పోగులు దుమ్ములో పడి ఉన్నాయి.

ఆండాళు భర్త సిద్దిరాములు వంగి ఒక తెగిన కొసను చేతిలోకి తీసుకున్నాడు. దాన్ని వదిలేసి, "మగ్గం ఇప్పు. పోదాం" అన్నాడు.

ఆ మాట వెనుక ఎంత నడక ఉందో చెప్పాలి. నల్లగొండ వైపు సొంత ఊళ్లో వాళ్లు దొర కోటలాంటి ఇంటికి, అదే గడీకి, వెట్టిగా బట్టలు నేశారు. ఇక నేయబోమని చెప్పిన రోజున దొర మనుషులు వచ్చి మగ్గం గుంట పూడ్చేశారు. అప్పటినుంచి ఆ దంపతులు వెతుకుతున్నది ఒక్కటే: వెట్టి లేని, మనిషిని మనిషిగా చూసే ఊరు. ఒకచోట దొర పారిపోయినా ఆయన పెత్తనందారు మిగిలాడు. మరోచోట బావి దగ్గర కులం అడిగారు. నిజాం మీద పోలీసు చర్య జరిగి ఆయన మూకలైన రజాకార్లు చెల్లాచెదురైన ఆ చలికాలంలో, అచ్చంపేట దారిలో ఈ రాయిగట్టు దొరికింది. ఇక్కడ దొరల మీద తిరగబడిన సంఘం వాళ్లు గడీ తలుపులు విరిచారు. ఒకే బావిలో అన్ని వాడల బొక్కెనలూ దిగుతున్నాయి. గడీ మీదికి అందరికన్నా ముందు నడిచిన రైతు బుచ్చయ్య మగ్గానికి తన కొట్టం ఇచ్చాడు. తన బిడ్డ పెండ్లి చీరే మొదట నేయమన్నాడు.

పడుగు చాపడానికి పొడవైన, తిన్నని జాగా కావాలి. ఊరి వీధి చాలలేదు. సిద్దిరాములు రెండో గుంజను మాలవాడలో పాతాడు. ఆ వాడలో ఉండే పర్వతాలు అనే మనిషి, ఆయన భార్య కూడా కుంచె పట్టి దువ్వారు. ఊరి వీధి ముగిసి మాలవాడ మొదలయ్యే చోట, సరిగ్గా అక్కడే పోగులు తెగాయి.

జనం మూగారు.

"రజాకార్ల పనే" అన్నాడు బుచ్చయ్య, ఎవరి మొహమూ చూడకుండా.

సంఘంలో తిరిగిన ముసలి పుల్లమ్మ పకపకా నవ్వింది. "రజాకార్లా? వాండ్లయితే గుంజలతోని సహా ఎత్తుకపోతుండిరి! ఊళ్లోడే చేసిండు. కోసిన జాగా చూస్తే తెలుస్తలేదా?"

"ఎవడైతేంది అవ్వా?" అన్నాడు సిద్దిరాములు. "మంచి ఊరని వచ్చినం. గీడ గూడ గదే ఉన్నది. ఇంకో ఊరు చూసుకుంటం."

"చూసుకో బిడ్డా. చెడ్డోడు ఒక్కడు గూడ లేని ఊరు దొరికితే నాకు కబురు పంపు. నేను గూడ మూట కట్టుకొని వస్త."

జనం నవ్వారు. పుల్లమ్మ ఈసారి నవ్వలేదు. "మనకు నచ్చిన ఊరు ఎక్కడా తయారుగ ఉండది, రాములూ. తెగినకాడ కూసోని అతికేటోళ్లు ఉన్నరా లేరా, అది చూడు. ఉంటే అదే నీ ఊరు."

అని ఆమె ఆ దుమ్ములోనే చతికిలబడింది. "ఆండాళూ, ఎట్ల అతుకాలెనో చూపెట్టు."

ఆండాళు చిప్పలో బూడిద తెచ్చింది. ఇటు కొస ఒకరు, అటు కొస ఒకరు పట్టి, బూడిద అద్దిన వేళ్లతో రెండింటినీ కలిపి మెలిపెట్టాలి. పర్వతాలు అటువైపు కూర్చున్నాడు. ఆయన వెనుక ఆ వాడంతా వచ్చింది. ఇటువైపు ఊరి ఆడవాళ్లు కొంగులు బిగించి కూర్చున్నారు.

"నాగలి పట్టు గాదు ఎల్లయ్యా, మెల్లగ! మీసం మెలేసినట్టు మెలెయ్యి" అన్నది లీలమ్మ, ఎదుటివైపు ఎల్లయ్యతో.

"నీకు మీసం సంగతి ఎట్ల తెలుసే లీలమ్మా?" అన్నది పక్కన కూర్చున్నామె.

వీధి ఘొల్లుమంది. సిద్దిరాములు కాసేపు నిలబడే చూశాడు. తరువాత వచ్చి భార్య పక్కన కూర్చొని, "మగ్గం ఇప్పే పని లేదు" అన్నాడు.

చదువరులారా, గడీ తలుపులు విరగడం మన పల్లెలకు గొప్ప గెలుపే. కాని ఆనాడు ఆ వీధిలో రెండు వాడల వేళ్లు ఒకే పోగు మీద కలవడం అంతకన్నా చిన్న గెలుపు కాదు.

పొద్దు వాలేసరికి అతకాల్సిన పోగుల గుత్తి ఒక్కటే మిగిలింది. బుచ్చయ్య ఇంకా దూరంగానే నిలబడి ఉన్నాడు.

"బుచ్చన్నా, నీ బిడ్డ చీరనే గద. వచ్చి ఒక కొస పట్టు" అని పిలిచింది ఆండాళు.

అందరూ చూస్తున్నారు. వచ్చి కూర్చోక తప్పలేదు. ఎదురుగా పర్వతాలు.

"బూడిద అద్దుకో పటేలా, పోగు జారదు" అంటూ పర్వతాలు చిప్ప ముందుకు జరిపాడు. ఆ గొంతులో కోపం లేదు, అనుమానం లేదు. బుచ్చయ్య వేళ్లకు బూడిద అద్దుకున్నాడు. తల ఎత్తి, వీధి అంతటికీ వినిపించేలా అన్నాడు:

"నన్ను పెద్దోన్ని చేసి పటేలా అనకు, పర్వతాలూ. కోసింది నేనే. దొర ముంగట చెప్పులు చేత పట్టుకొని నడిసినోన్ని, ఆ సిగ్గు ఎట్లుంటదో నాకు తెలుసు. తెలిసి గూడ, నువ్వు దువ్విన నూలు నా బిడ్డ ఒంటి మీదికెట్ల వస్తదని కొడవలి పట్టిన. గడీ తలుపు ఇరగ్గొడితే అంతా అయిపోయిందనుకున్న. కాలేదు, తప్పు నాది. ఆ కొస ఇటియ్యి అన్నా, ఇది నేను అతుకాలె."