ముసలి ఈగలు

తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మెకు జనగామ కాలేజీ గేటుకు తాళం పడింది. దానికి ముందే అక్కడ పరిశోధన చేస్తున్న జమున తన ఈగల సీసాలను బుట్టలో సర్దుకుని అద్దె గదికి తెచ్చేసుకుంది. పండ్ల మీద ముసిరే చిన్న ఈగలవి. నెలల తరబడి మేపితే ముసలివయ్యాయి. దసరా దాటాక వాటికి ఆఖరి పరీక్ష. అది పూర్తిచేస్తేనే పట్టా. గడువు ఇప్పటికే పొడిగించారు, ఇక పొడిగించరు.

గదిలో భర్త రాకేశ్ ఉన్నాడు. భూపాలపల్లి బొగ్గు గనిలో పని, గనులూ సమ్మెలోనే. పెళ్లయ్యాక ఇద్దరూ ఇన్ని పూటలు కలిసి తినడం ఇదే మొదలు. కరెంటు పోయినప్పుడు అతను సీసాలకు తడిగుడ్డ చుట్టేవాడు, ఆ చల్లటి చేతులే ఆమె చెంపలకు ఆనించేవాడు.

"ఈ ముసలోళ్లతోని ఏం పని నీకు?" అన్నాడొకసారి.

"సీసాను బల్లకు తట్టితే అన్నీ కిందపడ్తయి. పడుచుయి గోడెక్కుతయి, ముసలియి జారుతయి. కండ ముడుచుకోవాల్నంటే కాల్షియం కండలోని అరల నుంచి బయటికి రావాలె, మళ్ల లోపలికి పోవాలె. వయసు మీదపడ్డంక ఆ పోవుడు మందమైతది. వీటిల దాన్ని లోపలికి గుంజే బలం పెంచినం. ముసలైనా ఎక్కుతయా, గదే చూడాలె."

"మీ అవ్వ కాళ్లకు పనికొస్తదా?"

"మనుషులదాంక వచ్చేసరికి మనం గూడ ముసలోళ్లమైతం."

నవ్వుకున్నారు. మర్నాడే గార్ల దగ్గరి తండా నుంచి కబురు: ద్వాళి అవ్వ కిందపడి లేవలేకపోతోందని. జమున దొరికిన ఆటో ఎక్కింది. "మూడ్రోజులకోపారి ఈగలను బువ్వ పోసిన కొత్త సీసాలకు మార్చు" అని చెప్పింది. ఎందుకో చెప్పే తీరిక లేకపోయింది.

అవ్వ కాళ్లు కట్టెల్లా బిగుసుకున్నాయి. జమున నూనె రాస్తూ కూర్చుంది. బస్సులు ముందే లేవు. రైల్‌రోకోతో మహబూబాబాద్‌లో రైళ్లూ ఆగిపోయాయి. ఫోనులో రాకేశ్ ప్రతిసారీ "అంత మంచిగనే ఉన్నది" అనేవాడు. పది రోజులు దాటాక ఒకరోజు తనే చేశాడు.

"జమునా, సీసా తట్టి చూసిన. నీ ముసలోళ్లు ఉరుకుతున్నయి. ఒకటి రెండు తప్ప జారుతలేవు. నువ్వు గెలిచినవ్."

ఆమె చేయి అవ్వ మోకాలి మీదే ఆగిపోయింది.

"సీసాలు మార్చినవా?"

"బువ్వ సగం మిగిలే ఉన్నది గద. తినే బువ్వ పారబోస్తరా ఎవరన్న? అయిపోయినంక మార్చుదమనుకున్న."

అన్నం మెతుకు కిందపడితే కళ్లకద్దుకునే ఇల్లు అతనిది. ఆ మెత్తటి బువ్వలోనే ఈగలు గుడ్లు పెడతాయని, వారం పది రోజుల్లో పిల్లలు ఈగలై తల్లుల్లో కలిసిపోతాయని, అందుకే మార్చమన్నదని ఆమె మెల్లగా చెప్పింది.

అవతల సీసాలు కదిపిన చప్పుడు వినిపించింది.

"అయితే ఏరుదం. బొగ్గుబాయి చీకట్ల బొగ్గు, రాయి వేరుచేసే కండ్లు నాయి. ఏది ముసలిదో గుర్తు చెప్పు, చాలు."

"పుట్టిన పూట తెల్లగుంటయి. మర్నాటికి తల్లేదో బిడ్డేదో బ్రహ్మకు గూడ తెల్వది."

"మల్ల పెంచుదం. నేను జూస్త గద."

"అయి ముసలియయ్యేసరికి గడువుంటదా?"

అతను ఏడుస్తున్నాడని ఊపిరిని బట్టి తెలిసింది. కోప్పడదామనుకుంది, కోపం రాలేదు. తన గైడు గోవర్ధన్ సార్‌కు ఫోన్ చేసింది. ఆయన అంతా విని, అవ్వకు ఎలా ఉందని అడిగారు. మళ్లీ మొదలుపెట్టమని మాత్రం అనలేదు.