పెట్టె ఊపిరి

మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని కొడుకు షెడ్డుకు వెళ్ళినప్పుడల్లా ఆవిడ ముందు వాడి చెవుల వంకే చూసేది. కార్లలో సబ్‌వూఫర్లు, అంటే దరువు అదరగొట్టే పెద్ద స్పీకరు పెట్టెలు, బిగించడం, బాగుచేయడం వాడి పని. పొద్దస్తమానం ఆ దడదడల మధ్య కూర్చుంటే చెవులు ఏమైపోతాయోనని తొమ్మిదేళ్ళుగా ఆవిడకు ఒకటే బెంగ. బెంగపడటం ఆవిడకు కొత్తేమీ కాదు. వాడు ఉయ్యాలలో ఉన్న రోజుల్లో, మరీ కదలకుండా పడుకుంటే, ముక్కు కింద తడి వేళ్ళు పెట్టి ఊపిరి తగులుతోందో లేదో చూసుకునేది. గంటకోసారి.

"చెవులు జాగ్రత్తరా" అంటే వాడు నవ్వేసేవాడు.

"ఇంకా ఊడిపోలేదులేమ్మా."

ఆ రోజు ఆవిడ వెళ్ళేసరికి షెడ్డులో ఒక టాక్సీ డ్రైవరు చిందులు తొక్కుతున్నాడు.

"మూడోసారి తమ్ముడూ నేను రావడం! పాటలో దరువు పడ్డప్పుడల్లా వెనకాల ఎవరో ఏడుస్తున్నట్టు సుయ్యిమంటోంది. బండెక్కినవాళ్ళు దయ్యం బండి అని దిగిపోతున్నారు."

"వైర్లు చూశా, స్క్రూలు బిగించా, నంబరు ప్లేటు వెనక స్పాంజి పెట్టా. ఇప్పుడేం శబ్దం లేదన్నా."

"లేదంటావేంటి?" డ్రైవరు కారులో పాట పెట్టాడు. "ఇదిగో, ఇప్పుడే వచ్చింది!"

"ఏది?"

ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. ఆవిడకూ వినిపించింది. తలుపు సందులోంచి గాలి దూరినట్టు, సన్నగా. కొడుకు మాత్రం డిక్కీలో తల పెట్టి, కళ్ళు మూసుకుని, లేదే అన్నట్టు తల ఊపుతున్నాడు. మొండికేస్తున్నాడు అనుకుంది మొదట. తర్వాత వాడి ముఖం చూసింది. కొంగు పట్టుకుని నడిచే వయసులో, సంతలో తప్పిపోయి దొరికినప్పటి ముఖం అది.

ఆవిడ క్యారేజీ బల్ల మీద పెట్టి కారు దగ్గరికి నడిచింది.

"నన్ను చూడనివ్వరా."

"పెద్దమ్మ కూడా రిపేరుకు దిగిందా? ఇక వంట ఎవరు చేస్తారు తమ్ముడూ?" అన్నాడు డ్రైవరు.

"నీ చేతే చేయిస్తాలే. ముందా పాట మళ్ళీ మొదట్నుంచి పెట్టు నాయనా."

పాట మొదలైంది. రేకుల కప్పు కన్నాల్లోంచి దిగిన ఎండలో దుమ్ము ఒక్కో దెబ్బకూ ఉలిక్కిపడి, మళ్ళీ నెమ్మదిగా తేలుతోంది. ఆ మోత చెవులతో విన్నట్టు లేదు. అరికాళ్ళలోంచి ఎక్కి, మోకాళ్ళు దాటి, కడుపులో చేరింది. ఆవిడకు నీళ్ళలో నిలబడ్డట్టు అనిపించింది. పెట్టె ముందు భాగంలో నల్లటి స్పీకరు పొర పొంగుతోంది, తగ్గుతోంది. పొంగుతోంది, తగ్గుతోంది. పడుకున్న పిల్లాడి పొట్టలాగే ఉంది. షెడ్డు, డ్రైవరు, నూనె వాసన ఎక్కడికో జరిగిపోయాయి. ఎప్పటిదో ఒక మధ్యాహ్నం, కిటికీ పరదా, దాని కింద ఉయ్యాల, మీద వంగిన తను. ఏం చేస్తున్నదో తెలియకుండానే ఆవిడ వేళ్ళు నాలుక మీద తడి చేసుకుని పెట్టె అంచుల వెంట నడిపించింది.

వెనక మూల, రెండు చెక్కలు కలిసే చోట, వేళ్ళకు చల్లగా తగిలింది.

"ఇక్కడరా," అంది గుసగుసగా, ఎవరైనా లేస్తారేమో అన్నట్టు. "ఇక్కడ ఊపిరి వదులుతోంది."

ఆ సందు మీద వేలు నొక్కింది. ఏడుపు ఆగింది. తీసింది. మళ్ళీ వచ్చింది.

"అదే! అదే దయ్యం!" డ్రైవరు ఎగిరి గంతేశాడు.

ఆవిడ వేలు తీసినప్పుడల్లా కొడుకు పెట్టె వంక చూడటం లేదు. డ్రైవరు ముఖం చూస్తున్నాడు, శబ్దం వచ్చిందో ఆగిందో అక్కడ తెలుసుకోవడానికి. తర్వాత తన చెయ్యి కూడా అక్కడ పెట్టాడు.

"గాలి తగులుతోందమ్మా," అన్నాడు. "శబ్దమే నాకు వినిపించడం లేదు."

ఈ మాట ఏదో ఒకనాడు వినాల్సి వస్తుందని ఆవిడ ఎన్ని రకాలుగా ఊహించుకుందో! ప్రతి ఊహలోనూ తను గుండెలు బాదుకుంది. ఇప్పుడు మాత్రం వేలు ఆ సందు మీదే ఉంచి అడిగింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"తెలియదు. మొన్న కుక్కరు అన్నిసార్లు కూసినా పొయ్యి కట్టేయలేదేమని కేకలేశావు చూడు, అప్పుడు అనుమానం వచ్చింది. నీకు చెబితే..."

"చెబితే?"

"నిద్రపోవుగా."

"చెప్పకపోతే నిద్రపోయానా ఏంటి?"

డ్రైవరు పాట ఆపేశాడు. తాళాలు బల్ల మీద పెట్టి, "సాయంత్రం వస్తాలే తమ్ముడూ, తొందరేం లేదు," అని మెల్లగా బయటికి నడిచాడు.

కొడుకు ఆ సందులో జిగురు కూరి, చెక్కలు కదలకుండా బిగించాడు.

"ఆరాలంటే సాయంత్రమవుతుంది."

"అంతదాకా మనకేం పని? పద, చెవుల డాక్టరు దగ్గరికి."

సాకు చెబుతాడనుకుంది. చెప్పలేదు. ఖాళీ కడుపుతో వెళితే అక్కడ కళ్ళు తిరుగుతాయని ఆవిడే దగ్గరుండి నాలుగు ముద్దలు తినిపించింది. వాడు షట్టరు దించాడు.

వీధిలో ఎండ మెత్తగా ఉంది. "చూసి నడువు! గుంత ఉంది!" అని అరిచింది.

"అంత గట్టిగా ఎందుకమ్మా? మాటలు బాగానే వినిపిస్తాయి. సన్నటి శబ్దాలే పోయాయి."

వెనకనుంచి సైకిలు గంట మోగింది. వాడు పక్కకు జరగలేదు. ఆవిడ చొక్కా పట్టి లాగింది. ఒక చిన్న పిల్ల సైకిలు తొక్కుతూ దాటిపోయింది.

"గంట కొట్టిందా?"

"కొట్టింది."

"ఎలా ఉంది?"

ఆవిడ ఆలోచించింది. "చిన్నప్పటి నీ సైకిలుది లేదూ, అలాగే."

ఆ పిల్ల మలుపు తిరిగేదాకా వాడు చూస్తూ నిలబడ్డాడు. మలుపు తిరిగాక కూడా గంట మరో రెండుసార్లు మోగింది. "ఇంకోటి," అంది ఆవిడ. "ఇంకోటి." వాడి చొక్కా అంచు మాత్రం వదల్లేదు.