ముందు గిన్నె, తర్వాత గ్లాసు

క్లచ్ మెల్లగా వదలండి అంటే కాలు మొత్తం పైకి లాగేస్తారేం అందరూ, నిప్పు తొక్కినట్టు, బండి ఒక్క ఎగురు ఎగిరి ఆగిపోయింది, వెనక హారన్లు మొదలయ్యాయి, స్టీరింగు ముందున్న పళ్ల డాక్టరు గారు అమ్మా నా వల్ల కాదమ్మా అంటూ చెమట తుడుచుకుంటున్నారు, కాకపోవడమేంటి సార్, న్యూట్రల్లోకి తెచ్చి మళ్లీ స్టార్ట్ చెయ్యండి, వాళ్లని అరవనివ్వండి అంది ఆమె, రోజూ డ్రైవింగు నేర్పి నేర్పి నోరు దాని పని అది చేసుకుపోతోంది, మనసు మాత్రం ఇంట్లో వంటింటి బల్ల దగ్గరే తచ్చాడుతోంది, ఈపాటికి తన బుడంకాయ కొడుకు లేచే ఉంటాడు, లేవగానే పాయ్ పాయ్ అని ఇల్లు పీకి పందిరి వేస్తుంటాడు, ఏడాదిన్నర దాటినా ఆ వెధవకి పాలు అన్న మాట తప్ప ఇంకో మాట రాలేదు, అమ్మా పాయే, నాన్నా పాయే, నానమ్మా పాయే, అత్తయ్యయితే వాడు నన్నే ముద్దుగా పిలుస్తున్నాడని వీధంతా చెప్పుకొచ్చింది పాపం.

ముద్దు సంగతి సరే, బుగ్గలు బూరెల్లా ఉన్నా ఒంట్లో రక్తం లేదని పిల్లల డాక్టరమ్మ చెప్పింది ఆ మధ్య, వాడి కింది రెప్ప లాగి చూపించింది డాక్టరమ్మ, పాలిపోయి ఉంది, పాలు మంచివే తల్లీ, కానీ కడుపంతా పాలే అయితే తిండికి చోటెక్కడ, తిండి లేకపోతే రక్తం ఎలా పడుతుంది, చుక్కల మందు వెయ్యండి, సీసా మాన్పించండి, ఈసారి పరీక్షకి ఇలాగే ఉంటే మాత్రం ఆసుపత్రిలో చేర్చుకోవాల్సి వస్తుంది, ఆ ఆఖరి మాట చెవుల్లో గింగిరాలు తిరుగుతుంటే ఇంటికొచ్చి కనబడిన సీసానల్లా చెత్తబుట్టలో పారేసింది, ఒక్కటి మిగల్చలేదు, పీడా పోయింది అనుకుంది, ఏం పోయింది, వాడు గ్లాసుని విసిరికొట్టాడు, గిన్నెని విసిరికొట్టాడు, గొంతు బొంగురు పోయేదాకా ఏడ్చి ఎండిన పెదాలతో ఆమె భుజం మీదే సొమ్మసిల్లినట్టు నిద్రపోయాడు, అంటే ఆ రోజు తను చేసింది సరిగ్గా ఇప్పుడీ డాక్టరు గారు చేసిందే కదా, కాలు ఒక్కసారిగా ఎత్తేసింది, బండి ఆగిపోయింది.

సార్, ఎడమ కాలు కొంచెం కొంచెంగా, కుడి కాలు కొంచెం కొంచెంగా, ఒకటి తగ్గుతుంటే రెండోది పెరగాలి, ఆఁ అలాగే, కదిలింది, కదిలింది చూశారా, ఆయన మొహం వెలిగిపోయింది, ఆమెకి నవ్వొచ్చింది, నవ్వుతోపాటే ఆ సాయంత్రమూ గుర్తొచ్చింది, పొయ్యి దగ్గర ముగ్గురూ దొరికిపోయిన సాయంత్రం, సీసాలన్నీ పారేశాక కూడా పిల్లాడు గిన్నె వైపు చూడడేంటి, పాలు తగ్గినా హుషారుగా తిరుగుతున్నాడేంటి అని తల బద్దలు కొట్టుకుంటుంటే, అసలు సంగతి ఆ రోజు బయటపడింది, గోడలకి రంగులు వేసే తన మొగుడు బ్రష్షుల పెట్టెలోంచి కొత్త సీసా తీసి పాలు వెచ్చబెడుతున్నాడు, బియ్యం డబ్బాలో దాచిన సీసా శాలువా కింద పట్టుకుని అత్తయ్య వంటింట్లోకి వచ్చింది, వాళ్లిద్దరినీ చూసి గుమ్మంలోనే నిలబడిపోయిన తన చేతిసంచిలో మూడోది, ముగ్గురు దొంగలు ఒకే ఇంటికి కన్నం వేసినట్టు, ఎవరికి వాళ్లే, పాపం మిగతా ఇద్దరూ బిడ్డని మాడుస్తున్నారు, నేనైనా ఓ గుక్క పట్టకపోతే ఎలా అనుకున్నవాళ్లే, లెక్క చూసుకుంటే వాడు మునుపటికంటే ఎక్కువ తాగుతున్నాడు, అత్తయ్య ముందు నవ్వింది, తర్వాత కళ్లొత్తుకుంది, నేను పట్టిన పాలే వాడి రక్తం తినేశాయేమే అంది, ఊరుకోండత్తయ్యా, ముగ్గురమూ కలిసే తినిపించాం అంది తను, మొగుడు మాత్రం ఇక ఒక్కో పూటే మాన్పిద్దాం, మాన్పించిన పూట సీసాలో నీళ్లు తప్ప ఏమీ పోయకూడదు, పాలు గ్లాసులోనే, అదీ తిన్నాకే, ఎవరూ దొంగతనంగా పట్టకూడదు అన్నాడు, దొంగే ఆ మాటంటుంటే ఎంత ముద్దొచ్చాడో.

అప్పటి నుంచీ ఒక్కొక్క సీసానే తగ్గిస్తూ వచ్చారు, పడుకునేముందుది పోయింది, సాయంత్రందీ పోయింది, మిగిలింది ఈ పొద్దున్నే లేవగానే పట్టేది, అన్నిటికంటే మొండిది, తిండి పూటకి ముందు కడుపు నింపేసేది అదే, ఇవాళ అదీ లేదు, ఇంతలో కార్లో ఫోను మోగింది, అత్తయ్యే, వెనక వాడి ఏడుపు సైరన్లా, అమ్మాయ్, నీళ్ల సీసా నా మొహానే కొట్టాడే, చూడలేకపోతున్నా, ఒక్క గుక్క, ఒక్కటంటే ఒక్కటి పట్టనా, ఆమె గుండె చివుక్కుమంది, పట్టండి అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది, తల్లి కదా, కానీ ఆ పాలిపోయిన రెప్ప గుర్తొచ్చింది, ఆసుపత్రి మంచం మీద వాడి బుల్లి చేతికి సూది గుర్తొచ్చింది, ఇంకా జరగనిదే గుర్తొచ్చింది, వద్దత్తయ్యా, ఎత్తుకుని తిప్పండి, ముద్దు పెట్టుకోండి, పాలు మాత్రం వద్దు, వచ్చేస్తున్నా, తల తిప్పి చూస్తే బండి ఎప్పుడో సిగ్నలు దాటి మలుపు తిరిగింది, ఒక్క కుదుపు లేకుండా, మీరు ఫోన్లో ఉంటే ఏదో అలా వచ్చేసిందమ్మా అంటున్నారు డాక్టరు గారు, సిగ్గుపడుతూ, మీ ఇంటి దాకా నేనే నడుపుతాను, చూడండి.

గుమ్మంలో చెప్పులు విడిచేసరికి అత్తయ్య తన చేతుల్ని ఒళ్లో బిగబట్టుకుని కూర్చుంది, అవి ఎక్కడ స్టవ్వు వైపు పోతాయో అని, వాడు ఎత్తు కుర్చీలో, ముక్కు కారుతూ, తల్లిని చూడగానే రెండు చేతులూ చాచి పాయ్ అన్నాడు, ఆమె వాడి ముక్కు తుడిచింది, ముద్దు పెట్టుకుంది, గుడ్డు చిదిపి మెత్తగా మెదిపిన బంగాళదుంపలో కలిపి గిన్నె వాడి ముందు పెట్టింది, పాలున్నాయి నాన్నా, ఇది తిన్నాక తాగుదువుగాని, అంతే, ఇంకో మాట అనలేదు, చందమామని పిలవలేదు, చెంచాని విమానం చెయ్యలేదు, వాడు గిన్నెని చూశాడు, తల్లిని చూశాడు, నానమ్మని చూశాడు, ఎక్కడా సందు దొరకలేదు, ఓ ముద్ద తీసి కింద పడేశాడు, అయ్యో అనబోయిన అత్తయ్య నోరు నొక్కుకుంది, ఇంకో ముద్ద బల్లకి పూశాడు, ఆ చెయ్యి నాకాడు, ఆగాడు, ఏదో ఆలోచిస్తున్నవాడిలా బొమలు ముడిచాడు, మళ్లీ నాకాడు, ఆమె ఊపిరి బిగబట్టింది, అప్పుడు గుప్పెడు తీసి నోట్లో కుక్కుకున్నాడు, బుగ్గలు ఉబ్బాయి, కదిలాయి, మింగాడు, ఇంకో గుప్పెడు, ఇంకోటి, చెవికి అంటింది, జుట్టుకి అంటింది, ఎక్కువ భాగం మాత్రం కడుపులోకే పోయింది, గిన్నె అడుగు కనబడ్డాక గ్లాసందిస్తే రెండు గుక్కలు తాగి, తెల్లటి మీసంతో, చాలు పొమ్మన్నట్టు నెట్టేశాడు, పాలని, వీడు, పాలని నెట్టేశాడు, అత్తయ్య లేచి ఆమెని ఒక్కసారిగా కావలించుకుంది, అమ్మాయ్, గెలిచామే అంది, గెలిచామత్తయ్యా అంది ఆమె, ఇద్దరూ ఏడుస్తూ నవ్వుతుంటే వాడు ఖాళీ గిన్నెని రెండు చేతులా ఎత్తి బల్ల మీద దబ్బుమని కొట్టాడు.

బువ్వ, అన్నాడు.

ఇద్దరూ వాడి వైపు తిరిగారు, అత్తయ్య ఏమన్నాడే అంది, వాడు గట్టిగా, విసుగ్గా, ఈ ఇంట్లో ఎవరికీ చెవులు లేవా అన్నట్టు, బువ్వ, అని మళ్లీ కొట్టాడు, ఆమె గిన్నె నింపుతూ అనుకుంది, పుట్టినప్పటి నుంచీ వీడికి ఆకలి అనేది తగలకుండా ముగ్గురూ మూడు వైపులా కాపలా కాశారు, పెదవి విరిస్తే పాలు, కన్ను నలిపితే పాలు, ఇవాళ మొదటిసారి ఆ కాపలా తీసేసరికి వాడికి ఆకలేసింది, ఆకలేసింది కాబట్టి తిన్నాడు, కావలసిందేదో తనే నోరు తెరిచి అడిగాడు, ఆకలి వాడికి శత్రువేమీ కాదు, వాడి సొంత వస్తువు, ఇన్నాళ్లూ ప్రేమ కొద్దీ తామే దాన్ని లాగేసుకున్నారు, ఇవాళ తిరిగి ఇచ్చేశారు.