లెక్కలోకి రాని ఫోటో

గడ్డం మాస్టారు స్టూలు తుడుస్తున్నాడు. పొద్దున్నే స్టూడియో షట్టరు ఎత్తగానే ముందు స్టూలు, తర్వాత లైట్ల గొడుగులు, ఆఖరున గోడకు వేలాడే నీలం తెర. తెర కింది అంచు వచ్చేపోయేవాళ్ళ కాళ్ళ కింద నలిగి నల్లబడింది. దాన్ని లోపలికి మడిచి గుండుసూది గుచ్చాడు. ఫోటోలో ఎలాగూ కనిపించదు. అయినా గుచ్చాడు. చేతులకు పనుంటే మనసు కాస్త ఊరుకుంటుంది.

ఆయనకు గడ్డం లేదు. రోజూ నున్నగా గీసుకునే మనిషి. ఎదుట కూర్చున్న ప్రతివాడితోనూ "గడ్డం కొంచెం పైకి" అంటాడు గనక జనం ఆ పేరు ఖాయం చేశారు. కొత్తగా వచ్చినవాళ్ళు గడ్డమున్న మనిషి కోసం అటూ ఇటూ చూసి, "మాస్టారు ఎప్పుడొస్తారు?" అని ఈయన్నే అడుగుతారు. "వస్తాడు, ఈలోగా కూర్చో" అంటూ ఈయన లైటు వేసేవాడు. ఈ మధ్య ఆ వేళాకోళం మానేశాడు.

స్టూలు తుడిచి బల్ల దగ్గరకు వచ్చేసరికి అక్కడ చిన్న నల్లటి డబ్బీ కనిపించింది. పాత కెమెరాలో వేసే రీలు. మిగిలిన ఆఖరి రోలు అదే. ఏళ్ళ తరబడి ఫ్రిజ్ తలుపు అరలో, ఇప్పుడైతే భార్య మందు సీసాల పక్కన, పడి ఉండేది.

"ఇది ఇక్కడికెలా వచ్చింది?" అన్నాడు కర్టెను వైపు తిరిగి. స్టూడియో వెనకే ఇల్లు. మధ్యలో ఒక్క కర్టెను.

"నేనే తెచ్చి పెట్టాను. చల్లదనం వదిలేదాకా రోలు ఎక్కించకూడదని మీరే అంటారుగా."

"ఫ్రిజ్ దాకా లేచి వెళ్ళావా?"

"గోడ పట్టుకుని వెళ్ళాను. గోడ ఏమీ అనలేదు, మీరే అరుస్తున్నారు."

ఆయన కర్టెను తప్పించి లోపలికి వెళ్ళాడు. ఆవిడ రెండు దిళ్ళు ఎత్తుగా పెట్టుకుని మంచం మీద ఆనుకుని ఉంది. పడుకుంటే ఊపిరందదు. పాదాలు వాచి నిగనిగలాడుతున్నాయి. మెడ దగ్గర నరం గబగబా కొట్టుకోవడం గుమ్మం దగ్గర్నుంచే తెలుస్తోంది. ముఖాల మీద నీడలు చూసి బతికినవాడికి అలాంటివి ముందే కనబడతాయి. అది ఆయన కర్మ.

"ఇవ్వాళ నాకో ఫోటో తియ్యండి. ఒక్కటంటే ఒక్కటి. పెద్దది చేసుకోడానికి పనికొచ్చేది."

పెద్దది చేసుకోవడమంటే ఏమిటో ఆయనకు వేరే చెప్పాలా? ఆయన స్టూడియోలో పెద్దవి చేయించుకునే ఫోటోల్లో సగానికి సగం పోయినవాళ్ళవే.

"ఇప్పుడేం తొందర? నువ్వు కాస్త కోలుకో. పెళ్ళికూతురిలా ముస్తాబు చేసి తీస్తాను."

"ఏవండీ, డాక్టరు మిమ్మల్ని పక్కకు పిలిచి చెప్పిన మాట నాకూ వినబడింది. పాడైంది గుండే గానీ చెవులు బాగానే ఉన్నాయి."

ఆయన దుప్పటి సర్దాడు. సర్దాల్సినంతగా అది చెదిరి లేదు.

"రేపు మీరు నన్ను ఎవరి పెళ్ళి ఫోటోలోంచో కత్తిరించుకొచ్చి గోడకు తగిలించకండి. పక్కవాళ్ళ చెవి ఒకటి మిగిలిపోయి, అందులో నేను బిక్కముఖమేసుకుని... నాకొద్దు. నా అంతట నేను కూర్చుంటాను. పాత కెమెరాతోనే తియ్యండి. కొత్తదాంట్లో అయితే నచ్చలేదని చెరిపేస్తారు."

"సాయంత్రం చూద్దాంలే. వెనక కిటికీలో వెలుతురు బాగుంటుంది," అన్నాడు.

మాట దాటేశాడని ఆవిడకు తెలుసు. తెలిసిందని ఆయనకూ తెలుసు. ఫోటో తీయడానికి ఎంతసేపు? తీస్తే ఒప్పుకున్నట్టే కదా అని ఆయన భయం. కెమెరా ఎత్తనంతకాలం ఆవిడ మామూలు రోగి. ఎత్తాక గోడమీది మనిషైపోతుంది.

దీపం కిందే చీకటి అంటారు. ఊళ్ళో ఆయన తీయని ముఖం లేదు. పెళ్ళాం ఫోటో ఒక్కటి సవ్యమైనది లేదు. అందులో మొదటి పాపం ఆయనది కాదు, ఆయనకు పని నేర్పిన గురువుది. వీళ్ళ పెళ్ళికి నేనే తీస్తానని పట్టుబట్టి వచ్చాడాయన. హడావుడిలో రోలు అంచు చక్రం పళ్ళకు పట్టిందో లేదో చూసుకోలేదు. రోజంతా "నవ్వండి, నవ్వండి" అంటూ నొక్కాడు. లోపల రోలు అంగుళం కదల్లేదు. పెళ్ళి జరిగిందనడానికి సాక్ష్యం ఏదయ్యా అంటే కూతురే అని తర్వాత వీళ్ళిద్దరూ నవ్వుకునేవారు.

ఆ తర్వాత ఆవిడ ఫోటోల్లోకి రావడానికి వీలు లేకపోయింది. పెళ్ళిళ్ళకు వెళితే ఆయన కెమెరా పట్టుకుంటే ఆవిడ లైటు పట్టుకునేది. కుర్చీ ఎక్కి, చెయ్యి పైకెత్తి, రెప్ప వాల్చకుండా. ఎవరి ముక్కు కింద నీడ పడుతుందో ఆయనకంటే ముందే చూసి లైటు వంచేది. ఆ ఫోటోలు ఎన్ని ఇళ్ళ గోడల మీద ఉన్నాయో! అందరి బుగ్గల మీదా ఆవిడ పట్టిన వెలుతురే. ఆవిడ మాత్రం ఎక్కడా లేదు.

లేదంటే పూర్తిగా నిజం కాదు. రోలు ఎక్కించేటప్పుడు మొదటి జానెడు రీలు వెలుతురు తగిలి కాలిపోతుంది. మూత వేశాక ఒకటి రెండుసార్లు ఉత్తినే నొక్కి, పైనున్న అంకెల చక్రం ఒకటి మీదికి వచ్చాక అసలు పని మొదలుపెట్టాలి. ఆ ఉత్తుత్తి నొక్కులు ఎవరైనా నేలకేసో అరచేతికేసో నొక్కుతారు. ఈయన ఇంట్లో రోలు ఎక్కించి, ఎదురుగా ఉన్న ఆవిడకేసి నొక్కేవాడు. తల ఆరబెట్టుకుంటూ, పాపను చంకనెత్తుకుని గిన్నె కడుగుతూ, కోపంగా తలుపు వేస్తూ ఆవిడ. రీలు కడిగి చూస్తే ఒక్కోసారి సగం తెల్లగా కాలిపోయి, మిగతా సగంలో ఆవిడ ఉండేది. "వచ్చాడమ్మా సగం పెళ్ళాం వాడు" అని ఆవిడే వెక్కిరించేది. రీలు ముక్కలు కోసేటప్పుడు ఆ కాలిన కొస చెత్తబుట్టలో పడేది. లెక్కలోకి రాని ఫోటో ఎవడు దాచుకుంటాడు?

ఆవిడ మంచాన పడ్డాక ఆ చెత్తబుట్టలన్నీ ఆయనకు ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి.

మధ్యాహ్నం కాకముందే ఒక లారీ డ్రైవరు వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. సంచిలోంచి పాత గుంపు ఫోటో ఒకటి తీసి బల్ల మీద పెట్టి, రెండో వరసలో ఒక ముఖం మీద వేలు ఆనించాడు.

"మా అమ్మండి. మొన్న పోయింది. వేరే ఫోటో లేదు. దీన్నే పెద్దది చేసివ్వాలి."

మాస్టారు భూతద్దం పెట్టి చూశాడు. ఆవిడ కెమెరాను చూడటం లేదు. పక్కకు తిరిగి, నోరంతా తెరిచి, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతోంది. ఆవిడ భుజం మీద ఒక చెయ్యి ఉంది. లావుపాటి వేళ్ళు.

"ఈ చెయ్యి ఎవరిది?"

"మా నాన్నదండి. ఆయన ఎప్పుడో పోయాడు. ఆ చెయ్యి తీసేయండి, ఒంటరి చెయ్యి వేలాడుతుంటే బావుండదు. నవ్వు కూడా... కొంచెం తగ్గిస్తారా? గోడకు పెట్టేది కదా, పెద్దమనిషిలా ఉండాలి."

"సాయంత్రం రా," అన్నాడు మాస్టారు.

కంప్యూటరు ముందు కూర్చుని చెయ్యి చెరపడం మొదలుపెట్టాడు. బొటనవేలు, ఉంగరం, మణికట్టు. చెరిపినచోటల్లా పక్కనున్న బట్ట రంగు తెచ్చి పూసుకుంటూ పోయాడు. ఇలాంటి చేతులు ఎన్ని చెరిపాడో. జంట ఫోటోలోంచి ఒకరిని విడదీసిన ప్రతిసారీ రెండోవారిది ఏదో ఒకటి మిగులుతుంది. నడుం దగ్గర వేళ్ళు, చెంప పక్కన నాలుగు వెంట్రుకలు. అవి శుభ్రంగా తీసేయగలిగినవాడే మంచి పనివాడు. పెళ్ళి ఫోటోలో ఇద్దరూ కెమెరానే చూస్తారు. ఒకరినొకరు చూసుకునేది ఫ్లాష్ ఆరాక, ఈయన తల తిప్పుకున్నాక. ఇక్కడెవరో పొరపాటున అలాంటి క్షణాన నొక్కారు. దాన్ని ఇప్పుడు తను కూర్చుని దిద్దుతున్నాడు. లేచి మంచినీళ్ళు తాగి వచ్చి పెదవులు కలపడం మొదలుపెట్టాడు.

మధ్యాహ్నం పాలలో నానేసిన రొట్టె ఆవిడకు చెంచాతో పెట్టాడు. నాలుగు చెంచాలకే చాలంది.

"అమ్మాయి రేపు వస్తానంది," అన్నాడు.

"రానివ్వండి. ఈలోగా మన పని కానిద్దాం. ఆ నీలం చీర తీసి కుర్చీ మీద పెట్టండి. జడ నేనే వేసుకుంటాను."

"సాయంత్రం అన్నాను కదా."

"మీ సాయంత్రాలు నాకు తెలుసు. పెళ్ళైన కొత్తలోనూ సాయంత్రమనే అన్నారు."

ఆయన నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

నాలుగు దాటాక వెనక కిటికీలోంచి ఎండ లోపలికి వచ్చి మంచం కోడు దాకా పాకింది. "వెలుతురు వచ్చిందండీ" అని కర్టెను వెనకనుంచి మాట. సరిగ్గా అప్పుడే డ్రైవరు వచ్చి నిలబడ్డాడు. "ఒక్క నిమిషం, ఇతన్ని పంపించి వస్తాను," అన్నాడు మాస్టారు లోపలికి. ఎవరో ఒకరు అడ్డం వచ్చినందుకు ఆయనకు లోపల్లోపల హాయిగానే ఉంది. అలా ఉన్నందుకు సిగ్గూ వేసింది.

డ్రైవరు కొత్త ఫోటోను రెండు చేతులతో పట్టుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. నున్నటి భుజం, మూసిన పెదవులు, గౌరవంగా ఉన్న ముఖం.

"బానే ఉందండి," అన్నాడు. తర్వాత, "కానీ మా అమ్మలా లేదు," అన్నాడు. అంత పెద్ద మనిషీ బల్ల అంచు పట్టుకుని ఏడ్చాడు.

మాస్టారు ఆ ఫోటో తీసుకుని పక్కన పెట్టి మళ్ళీ కంప్యూటరు ముందు కూర్చున్నాడు. నవ్వు నవ్వులాగే ఉంచాడు. చెయ్యి చెయ్యిలాగే ఉంచాడు. మిషను లోపలినుంచి కాగితం నెమ్మదిగా బయటికి వస్తుంటే ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు. డ్రైవరు దాన్ని చూసి కళ్ళు తుడుచుకున్నాడు. "చెయ్యి ఎవరిదని జనం అడుగుతారేమో," అన్నాడు.

"అడిగితే చెప్పుకో. నీకేం, చెప్పడానికి ఉంది."

అతను వెళ్ళగానే మాస్టారు షట్టరు సగానికి దించేశాడు. ఆలస్యం అమృతం విషం అని పెద్దలు ఊరికే అనలేదు. బల్ల మీది డబ్బీ అందుకుని, బీరువాలోంచి పాత కెమెరా తీసి, మూడు కాళ్ళ స్టాండు చంకన పెట్టుకుని కర్టెను దాటాడు.

ఆవిడ అప్పటికే కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉంది. ఎలా లేచిందో, నీలం చీర ఎలా కట్టుకుందో! జడ సగమే అయింది. నుదుట చెమట పట్టి వెంట్రుకలు అంటుకున్నాయి. ఎండ కిటికీ దిగువకు దిగి ఎర్రబడింది.

"మొత్తానికి తీరిక దొరికింది మా ఆయనకి," అంది. మాటకూ మాటకూ మధ్య ఆగుతోంది.

ఆయన స్టాండు నిలబెట్టాడు. మూత తీసి రోలు ఎక్కించి, పళ్ళకు పట్టిందో లేదో చూశాడు. మళ్ళీ చూశాడు. గురువు చేసిన పని తను చెయ్యడు. మూత వేసి, మీట తిప్పి, చేతికి అలవాటైన పనిగా ఆవిడకేసి నొక్కాడు. సరిగ్గా అప్పుడు ఆవిడ జడ కొస పట్టుకుని, తల పక్కకు వాల్చి, ఆయన కంగారు చూసి నవ్వుతోంది.

"ఇది లెక్కలోకి రాదు," అన్నాడు.

"తెలుసు లెండి. లెక్కలోకి రానివన్నీ నావేగా."

ఆయన తల ఎత్తాడు. ఆవిడ ఎత్తిపొడుపుగా అనలేదు. ముచ్చటపడుతున్నట్టే అంది. దానికి బదులుగా చెప్పాల్సిన మాటేదో ఆయన నోటిదాకా వచ్చింది. ముందు ఫోటో కానీ, తర్వాత చెబుదామనుకున్నాడు. కిటికీకి అవతలి వైపు చెంప చీకటిగా ఉంది. తెల్ల అట్ట ఒకటి పక్కన నిలబెడితే సరిపోతుంది.

"కదలకు. అట్ట తెస్తాను."

"ఎక్కడికి పోతాను?"

అట్ట స్టూడియోలో నీలం తెర వెనక ఉంది. దుమ్ము పట్టింది. పంచె కొంగుతో తుడిచి తెచ్చి, ఆవిడ పక్కన బల్లకు ఆనించాడు. చెంప మీద వెలుతురు పడింది. నీడ మెత్తబడింది. ఆవిడ లైటు పట్టుకున్నప్పుడు సరిగ్గా అలాగే ఉండేది. సంతోషంగా కెమెరా దగ్గరకు వెళ్ళి, వంగి, ఒక కన్ను మూసి, అద్దంలోంచి ఆవిడ కళ్ళ కోసం చూశాడు. తల వంచుకుని ఉంది.

"గడ్డం కొంచెం పైకి," అన్నాడు.

ఎదురుచూశాడు. జడ కొస ఆవిడ వేళ్ళలోంచి జారి ఒడిలో పడి ఉంది.

"ఏమోయ్, గడ్డం కొంచెం పైకి."

మెడ దగ్గర పొద్దుటినుంచీ కొట్టుకుంటున్న నరం కొట్టుకోవడం లేదు. అది అద్దంలోంచే కనిపించింది ఆయనకు. అయినా కాసేపు కన్ను తీయలేదు. తీస్తే నిజమైపోతుంది. ఎర్రటి ఎండ ఆవిడ ఒడిలోంచి మోకాళ్ళ మీదికి, అక్కణ్నుంచి నేల మీదికి జారింది. ఆయన వేలు రీలు తిప్పే మీట మీద ఉంది. ఒక్కసారి తిప్పితే అంకె ఒకటి మీదికి వస్తుంది. పోయినవాళ్ళను కూర్చోబెట్టి తీసిన ఫోటోలు ఆయన జీవితంలో లేకపోలేదు. వేలు తీసేశాడు. వెళ్ళి ఆవిడ ముందు నేల మీద కూర్చుని, మిగిలిన జడ అల్లడం మొదలుపెట్టాడు. ఆయనకు రాలేదు. మూడు పాయలూ చేతుల్లో చిక్కుపడ్డాయి. అప్పుడు ఏడ్చాడు.

మర్నాడు కూతురు వచ్చింది. ఇంటినిండా జనం. "అమ్మది మంచి ఫోటో ఏది నాన్నా?" అని కూతురు అడిగింది. బంధువులు తమ తమ ఫోన్లలో వెతికి, ఎవరి వెనకో నిలబడి సగం కనబడే ఆవిడను చూపించారు. "దీన్లోంచి కత్తిరిస్తే వస్తుందేమో, మీరే చేసుకోగలరు కదా," అన్నారు.

"వద్దన్నది," అన్నాడు మాస్టారు.

నడవడానికి అడ్డంగా ఉందని ఎవరో కిటికీ దగ్గర స్టాండు జరపబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. రెండు రోజులకు అందరూ వెళ్ళిపోయారు. కుర్చీ పక్కకు జరిపారు, తెల్ల అట్ట మళ్ళీ తెర వెనక్కి వెళ్ళింది. పాత కెమెరా మాత్రం అక్కడే, అదే ఎత్తులో, కిటికీ పక్కకు చూస్తూ ఉండిపోయింది. దాని నెత్తిన చిన్న గాజు మూత కింద అంకెల చక్రం ఇంకా ఒకటి మీదికి రాలేదు.