అలమర వెనక పురుగు

ఊరికే ఫోటో తీసేవాళ్ళు ఈ లోకంలో ఉండరని వడ్రంగి మేస్త్రీ నమ్మకం. ఆ నమ్మకం ఆయనకి ఊరికే రాలేదు. మూడేళ్ళ కిందట ఒక ఇంజనీరు ఇంట్లో తలుపులు బిగిస్తే, ఆ పెద్దమనిషి నవ్వుతూ టీ పోయించి, మేస్త్రీ అటు వెళ్ళగానే సందుసందుకీ ఫోటో తీసి తెలిసినవాళ్ళందరికీ పంచాడు. ఆర్నెల్లపాటు ఒక్కడూ పనికి పిలవలేదు. అప్పట్నించి ఎవరి చేతిలోనైనా ఫోను అడ్డంగా కనబడితే చాలు, మేస్త్రీకి ఒళ్ళంతా దురదగొండి పూసినట్టయ్యేది.

అందుకే ఆ మంగళవారం గ్రంథాలయంలో అడుగుపెట్టి, తను చేసిచ్చిన కొత్త అలమర వెనక, గోడకీ దానికీ మధ్య సందులో, లైబ్రేరియనమ్మ నేల మీద బోర్లా పడుకుని ఫోను గురిపెట్టి ఉండటం చూసేసరికి ఆయన అక్కడే ఆగిపోయాడు.

ఆ హాలుకి మొత్తం ఇరవై అలమరలు కావాలి. ఆరు చేసి నిలబెట్టాడు. అవి నచ్చితే శనివారం ఆవిడ మిగతా పద్నాలుగింటికి సంతకం పెడుతుంది. పెట్టలేదా, షెడ్డుకి తాళం వేసుకుని, నిన్నగాక మొన్న తన దగ్గర పని నేర్చుకున్నవాడి కింద రంపం పట్టుకోవాలి.

సంతకం ఎందుకు పెట్టదు అంటే, దానికీ ఒక కారణం ఉంది. అది మేస్త్రీ ఒక్కడికే తెలుసు. అలమరల ముందు పలకలన్నీ గట్టి చేవచెక్క. వెనక అడ్డబద్దలు మాత్రం కర్రల అడితివాడు అంటగట్టిన తెల్లచెక్క. మానులో బెరడు కిందుండే మెత్తటి పొర అది, చెక్కపురుగులకి ఉచిత భోజనం. వేయకూడదని అనుకున్నాడు. గోడవైపు ఎవడు తొంగిచూస్తాడులే అని కూడా అనుకున్నాడు. రెండోదే గెలిచింది.

ఇప్పుడు సరిగ్గా ఆ గోడవైపే ఈ మహాతల్లి పడుకుని ఉంది.

ఆవిడ మేస్త్రీని నీడ పడకుండా పక్కకి జరగమంది. చిన్న నాణెం తీసి బద్దకీ పలకకీ మధ్య అతుకు పక్కన పెట్టింది. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, ఎదురుగా ఒకటి, ఫోటోలు తీసింది. లేచి చీర దులుపుకుని చేతిపుస్తకంలో టైము రాసుకుంది. ఏమిటమ్మా అది అని అడిగితే, చిన్న ప్రాణి మేస్త్రీగారూ, పేరు తేలాక చెప్తానంది.

ఆవిడకి ఈ పిచ్చి ఉందని అందరికీ తెలిసిందే. గుమ్మం పక్కన ఒక చార్టు వేలాడుతుంటుంది. దాని మీద కిటికీ పావురం, పంపు దగ్గరికొచ్చే పిచ్చుక, ట్యూబులైటు వెనక సాలీడు, స్విచ్‌బోర్డులో మట్టిగూడు కట్టిన కందిరీగ, ఒక్కోదాని కింద పేరూ తేదీ. ఫోటోలని ఎక్కడెక్కడో ఉన్న, ప్రాణుల సంగతి తెలిసినవాళ్ళ బృందానికి పంపుతుందట. ఇద్దరు ఒకే పేరు చెబితేనే అది చార్టెక్కుతుందట. మేస్త్రీ ఇందులో ఒక్కముక్క కూడా నమ్మలేదు. ఇంత చదువుకున్న మనిషి సాలీడు పేరు తెలుసుకుని ఏం ఊడబొడుస్తుంది? చార్టు పైకి చూపించడానికే, అసలు సంగతి వేరే అనుకున్నాడు.

ఇంటికెళ్ళి భార్యకి చెప్పాడు. ఆవిడ బట్టలు మడతపెడుతూ అంతా విని తాపీగా అంది.

“గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ వరస. ఆవిడ పురుగుని ఫోటో తీస్తే నీకెందుకయ్యా చెమటలు?”

“పురుగైతే పక్కన బిళ్ళ పెట్టడం ఎందుకే? అతుకులో సందు ఎంతుందో కొలవడానికి కాకపోతే?”

“పురుగు ఎంతుందో కొలవడానికేమో.”

మేస్త్రీ కంచం ముందుకి నెట్టి లేచిపోయాడు.

బుధవారం, తలుపు బందులకి నూనె వేయాలన్న మిషతో, లైబ్రేరియనమ్మ భోజనానికి వెళ్ళే వేళ చూసుకుని హాల్లోకి వెళ్ళాడు. అలమర వెనక మోకాళ్ళ మీద కూర్చుని టార్చి కొట్టాడు. చెక్కకి పుచ్చు పడితే కింద సన్నటి పిండి రాలి ఉండాలి. నేల అద్దంలా ఉంది. పిండి రాలలేదని సంతోషించాలో, ఆవిడే ఎత్తి సాక్ష్యానికి పొట్లం కట్టి దాచిందని భయపడాలో తేల్చుకోలేకపోయాడు. చివరికి భయపడటమే తనకి అలవాటైన పని కాబట్టి భయపడ్డాడు. గురువారం వెళ్తే ఆవిడ మళ్ళీ అక్కడే పడుకుని ఉంది.

శుక్రవారం ఇక పట్టలేక, ఆ ఫోటోలేవో నన్నూ చూడనివ్వండమ్మా అన్నాడు. దాస్తుందనుకున్నాడు. ఆవిడ సంబరంగా ఫోను చేతికిచ్చి, వేళ్ళతో పెద్దది చేసి మరీ చూపించింది. చీమలాంటి సన్నటి పురుగు. ముందు సగం ఎర్రగా, వెనక సగం నల్లగా, నల్లదాని మీద తెల్లటి పట్టీ.

మేస్త్రీకి పోయిన ప్రాణం లేచొచ్చింది. చెక్కపురుగు ఆయనకి తెలియనిదా? మిరియంలో సగం ఉంటుంది, నల్లగా, తల పొట్టలోకి దాచుకుని మొద్దులా ఉంటుంది. ఈ సోకులరాణి అది కానే కాదు. ప్రాణంతో పాటే నోరూ లేచింది.

“ఇది చెక్క తినే రకం కాదమ్మా. ముప్ఫయ్యేళ్ళుగా చెక్కతో కాపురం చేస్తున్నవాణ్ణి, నాకు తెలీదా?”

“తింటుందని నేనన్నానా?”

అనలేదు. అనకపోవడమే మేస్త్రీకి మరీ అనుమానంగా తోచింది. శనివారం అనడానికి దాచిపెట్టుకుందన్నమాట. ముందే ఆవిడ నోరు కట్టేయాలి అనుకున్నాడు.

“మీరనలేదు, రేపింకెవరైనా అనొచ్చు. ఇది చెక్క తినే పురుగా కాదా అని మీవాళ్ళనే అడగండి. కాదని వాళ్ళ చేతే రాయించి, చార్టు మీద పెద్దక్షరాలతో పెట్టండి.”

నేనింతవరకూ పేరే అడిగాను గానీ తిండి అడగలేదు సుమండీ అని ఆవిడ మెచ్చుకుంది. మేస్త్రీ చెప్పిన మాటలే ఫోనులో టకటకా కొట్టి పంపేసింది.

శనివారం పదింటికి మేస్త్రీ ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళాడు. బల్ల మీద కాగితాలున్నాయి, పక్కనే మూత తీసిన పెన్ను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, ఫోనులో వచ్చిన జవాబు చూస్తూ, ఇద్దరూ ఒకటే పేరు చెప్పారనీ, మేస్త్రీ మాటే నిజమనీ, ఇది చెక్క తినదనీ చెప్పింది. వారం మొత్తానికి మేస్త్రీ మొహాన నవ్వు కనబడింది అప్పుడే. ఆవిడ కింది వాక్యాలకి వచ్చింది. అక్కడ గొంతు నెమ్మదించింది.

“చెక్కని తొలిచే పురుగుల్నీ, వాటి పిల్లల్నీ తిని బతుకుతుంది. ఒకేచోట మాటిమాటికీ కనబడితే దగ్గర్లో ఉన్న చెక్క చూసుకోండి.” ఫోను బల్ల మీద పెట్టింది. “నాకు చెక్క సంగతి తెలీదు మేస్త్రీగారూ. ఇది అక్కడికి దేనికోసం వస్తున్నట్టు?”

మేస్త్రీ ఆ మొహంలోకి చూశాడు. మంగళవారం నుంచీ అంతా తెలిసే ఉచ్చు పన్నిందా? తన చేత్తోనే తన గొయ్యి తవ్వించిందా? ఎంత వెతికినా ఆ మొహంలో ప్రశ్న తప్ప మరొకటి దొరకలేదు. అలమర పక్కనే పాతకాలపు చెక్క కిటికీ ఉంది. అందులోంచి వస్తోందమ్మా అంటే సరిపోతుంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది.

కానీ కిటికీ అంటే ఏమవుతుందో మేస్త్రీకి కళ్ళకి కట్టింది. సోమవారం పొద్దున్నే ఈవిడ కిటికీ కింద పడుకుంటుంది. వారమైనా పడుకుంటుంది. కిటికీలో ఏమీ లేదని తేదీలతో సహా రాసుకుని మళ్ళీ అలమర దగ్గరికే వస్తుంది. ఇంజనీరుకైతే అబద్ధం చెప్పి గెలవొచ్చేమో. పేరు తెలియని పురుగు కోసం చల్లటి నేల మీద మళ్ళీ మళ్ళీ పడుకున్న మనిషి దగ్గర అబద్ధం ఎన్నాళ్ళు నిలుస్తుంది?

“వెనక బద్దలు తెల్లచెక్కమ్మా,” అన్నాడు. “తెలిసే వేశాను.”

ఆవిడ కేకలేయలేదు. పెన్నుకి మూత పెట్టింది. ఆ చిన్న చప్పుడు మేస్త్రీకి కేక కన్నా గట్టిగా వినబడింది. మార్చి తేవడానికి ఎన్నాళ్ళు పడుతుందని అడిగింది. ఆరింటికీ కలిపి పది రోజులన్నాడు. అయితే పద్నాలుగింటి సంగతి పదకొండో రోజు మాట్లాడదామంది.

మేస్త్రీ సంచీలోంచి స్క్రూడ్రైవరు తీసి అలమరని గోడ నుంచి ఇంకాస్త ఇవతలకి లాగాడు. మొదటి బద్ద ఊడదీయగానే, పలకకి ఆనుకున్న వైపు బెజ్జాల్లోంచి జల్లెడపట్టినట్టు పిండి రాలి ఆయన పాదాల మీద పడింది. ఆ మెత్తటి పిండి చూసి సిగ్గేసింది. సిగ్గు వెనకాలే కోపమొచ్చింది, అడితివాడి మీద, ఇంజనీరు మీద, చివరికి ఆ ఎర్రపురుగు మీద.

ఆవిడ అప్పటికే ఫోనుతో పక్కకి వచ్చేసింది. బద్దని కదలకుండా వెలుతురుకి పట్టుకోమంది. పట్టుకున్నాడు. చేతులు లాగుతున్నాయి.

“ఇవి చార్టుకా అమ్మా, అలమరల ఫైలుకా?”

“రెండిటికీ,” అంది ఆవిడ, స్క్రీను మీంచి చూపు తిప్పకుండా.