మా ఎంపీ లేవలేదు

మా బేస్‌మెంట్‌లో అద్దెకుండే కాకినాడ పిల్ల కావ్యశ్రీకి ఈ కెనడా బ్రాంప్టన్‌లో పెద్దదిక్కు నేనే. పిల్ల చేరిన ప్రైవేటు కాలేజీ చదువు మధ్యలోనే మూతపడింది. అది ఆ పిల్ల తప్పా? అలాంటి కాలేజీల పిల్లల్ని గబగబా ఇండియా పంపెయ్యాలని సర్కారు ఎవర్నీ అడక్కుండా ఆర్డరు వేసేసింది, దానికో ప్రత్యేక టీమునూ పెట్టింది. అయితే ఆ టీముకు డబ్బు ఇవ్వాల్సింది పార్లమెంటు. డబ్బు రాకపోతే టీమే ఉండదు, కావ్య వేరే కాలేజీలో చేరి చదువు పూర్తి చేసుకోవచ్చు. వచ్చిందా, పిల్ల విమానం ఎక్కాల్సిందే.

అందుకే ఉగాదికి మా ఏరియా ఎంపీని భోజనానికి పిలిచాను. పులిహోర అడిగి మరీ మళ్ళీ వేయించుకున్నాడు. కావ్య గోడంతా విని, మీ వైపే ఉంటానని నా చేతిలో చెయ్యేసి చెప్పాడు. మంచివాడే అనుకున్నాను.

జూన్‌లో ఓటింగు రోజు సాయంత్రం ఇద్దరం టీవీ ముందు చేరాం. మన అసెంబ్లీ చూసిన కళ్ళకు అదేం సభో అర్థం కాదు. కాగితాలు చింపేవాడు లేడు, మైకు విరిచేవాడు లేడు. స్పీకరు ఏదో చదువుతుండగా పొయ్యి మీద పాయసానికి పెట్టిన పాలు గుర్తొచ్చి వంటింట్లోకి పరుగెత్తాను. మంట తగ్గించి వచ్చేసరికి సభ్యులు ఒక్కొక్కరే లేచి, పేరు పిలవగానే తల వంచి కూర్చుంటున్నారు. లేచినవాళ్ళంతా మావాళ్ళే అని నా లెక్క. వరసలకు వరసలు లేస్తున్నాయి. మా ఎంపీ మాత్రం టై సర్దుకుంటూ కదలకుండా కూర్చున్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "సూడే, మన పులిహోర తిన్నోడు ఎట్ల కూసున్నడో. ఆని కాళ్ళకేమైంది?" అన్నాను. ఇంక నా నోటికి అడ్డే లేదు. ఈ జన్మలో మళ్ళీ నా గడప తొక్కనివ్వనన్నాను. ఏడుపు కూడా వచ్చేసింది. కావ్యేమో పక్కన పడీపడీ నవ్వుతోంది. పాపం, దిగులుతో పిల్లకు మతి పోయిందనుకుని దగ్గరికి లాక్కున్నాను. ఆంటీ ఒక్క నిమిషం, ఒక్క నిమిషం అంటూనే ఉంది. నేను చెప్పనిస్తేగా!

చివరికి నా నోరు చేత్తో మూసేసింది. "ఆంటీ, స్పీకరు అడిగింది ఆ టీముకి డబ్బులిద్దామా అనేనండి. ఇద్దామన్నోళ్ళే లేచారు. మనోళ్ళు ఇప్పుడు లేస్తారు, చూడండి."

లేచాడు. కోటు బొత్తాం పెట్టుకుని, ఆ వరసలో అందరికంటే ముందు లేచాడు నా తండ్రి. వెనకాల వరసలకు వరసలు. లెక్క చదివేసరికి డబ్బు ఇచ్చేది లేదని తేలిపోయింది. కావ్య నన్ను పట్టుకుని గిరగిరా తిప్పేసింది. వంటింట్లో పాలు పొంగి పొయ్యంతా పారుతున్నా ఇద్దరం పట్టించుకోలేదు. అంత సంతోషం నాకు ఈ దేశం వచ్చాక ఎప్పుడూ కలగలేదు.

ఆదివారం ఎంపీ మళ్ళీ భోజనానికి వచ్చాడు. నేను తిట్టిన తిట్లు ఇంగ్లీషులోకి మార్చావో చంపేస్తానని కావ్యకు ముందే చెప్పాను. ఆయన పాపం మర్యాదగా బల్ల పక్కనే నిలబడ్డాడు. కుర్చీ లాగి వేసి, "కూసో కొడుకా," అన్నాను. "నువ్వు ఎంతసేపు కూసున్నా ఇంక నేనేమనను."